రూపాయలు ఖాళీ

ధర్మాబాద్‌ల మూడు లిపులతోని బతుకుత నేను.
పెండ్లి పందిరికి తెలుగు, పాన్ డబ్బాకు మరాఠీ,
ఆటో ఎనుక షాయరీకి హిందీ.
కుంచె ఒక్కటే. కడుక్కుంటే చాలు.

మొన్న మంగళారం బన్సీధర్ సేఠ్ మిర్చి గిర్నీ నుంచి కబురు.
నాందేడ్ నుంచి లేబర్ సాహెబ్ వచ్చిపోయిండట,
కూలీ బోర్డు ఏదీ అని అడిగిండట.
చూపెట్టిండ్రు. బస్తాల సాటుకు ఉన్నది, మరాఠీల,
అక్షరాల మీద ఏండ్ల కారం.
సాహెబ్ తొడిమెలు తీసేటోళ్ల దిక్కు మళ్లి
మీదే భాష అన్నడట.
జవాబు కన్న ముందు ఆరుగురు తుమ్మిండ్రు.
ఆ తుమ్మును ఏ భాష కింద రాసుకుంటడు పాపం?
లసుంబాయి కొంగుతోని ముక్కు తుడుసుకొని
"మాది తెలుగు సారూ" అన్నది.

ఎక్కువ మందికి ఏది తెలిస్తే దాంట్ల రాయాలె,
వచ్చేపోయే తొవ్వల పెట్టాలె, కండ్ల పడాలె.
కానూను అట్లనే ఉన్నదట.

నాలుగడుగుల రేకు. తెల్ల రంగు రెండు పూతలు.
మునీమ్ మరాఠీ కాయితం సదువుతుంటే
నేను తెలుగు చేసుకుంట గీతలు కొట్టిన.
కిమాన్ వేతన్ అంటే కనీస కూలీ. ఇది తొందరగనే వచ్చింది.
సాప్తాహిక్ సుట్టీ అన్నడు, వారం సెలవు అని రాసిన.
ఎనుక నుంచి సాయవ్వ:
"వారం దినాలా! మనుమరాలి పురుడు చేసొస్త మరి."
గిర్నీ గిర్నీ నవ్వింది. మునీమ్ గూడ నవ్విండు, సమజ్ గాకనే.
తుడిసి వారానికి ఒక దినం సెలవు అని రాసిన.

ఓవర్‌టైమ్‌కు మాట దొరకలే.
మీరేమంటరే దీన్ని అని అడిగిన.
"ఏమంటం? పొద్దు మూకింది, ఇంకా ఇడువలేదు అంటం."
రేకు మీద అంత జాగ లేదు.
ఓవర్‌టైమ్ అనే రాసిన.

అంకె కాడికి వచ్చేసరికి సేఠ్ చెయ్యి అడ్డం పెట్టిండు.
"ఆ జాగ ఇడువు. సాహెబ్ వచ్చే దినం సాక్‌పీస్‌తోని నేనే రాస్త."
జానెడు డబ్బా, తెల్లగ, నాలుగు దిక్కుల నల్ల గీత.
నేను రాసిన అన్నిట్ల అదే సాఫ్‌గ వచ్చింది.

పగటి బువ్వ కాడ సునంద సదివింది.
ఆ పిల్ల బడి మరాఠీది.
తెలుగు అచ్చరాలు బాసర బస్సుల నొసట చూసి నేర్సింది,
అందుకే ప్రతి మాట చివర బస్సు ఆగినట్టు ఆగుతది.
"కనీస... కూలీ... దినానికి... రూపాయలు..."
ఆగింది. డబ్బా దిక్కు చూసింది.
"ఖాళీ" అన్నది.

ఇగ అదే మాట అయింది గిర్నీల.
శనివారం బట్వాడ కాడ ఎంతొచ్చిందే అంటే
రూపాయలు ఖాళీ.
మొగడేం పంపిండే అంటే రూపాయలు ఖాళీ.
కండ్లు మండి నీళ్లు కారంగ గూడ అంటున్నరు,
ఏడుస్తున్నరో నవ్వుతున్నరో
మిర్చి కాడ తెలువది.

నాకు ఆరు వందలు మాట్లాడి నాలుగు వందలు ఇచ్చిండు సేఠ్.
నా అసుంటోనికి ఏ గోడ మీద రాసుంటదో అడుగుదామనుకున్న,
అడుగలే. నిచ్చెన మోసుకొని వచ్చిన.

నిన్న పొద్దుగాల మల్ల పిలుపు. సాహెబ్ రేపు వస్తుండట.
సేఠ్ చెయ్యి వణుకుతది, సాక్‌పీస్ వంకర పోతది,
నువ్వే రాయి అన్నడు, కాయితం మీద సర్కారు రేటు ఇచ్చిండు.
రాసిన. మూడు అంకెలు, జానెడెత్తు,
బస్సు నంబరు లెక్క దూరంకెల్లి కనబడేటట్టు.
తొడిమెలు తీసే చేతులు ఆగినయి. ఎవ్వలు తుమ్మలే.
లసుంబాయి ఏండ్ల మీద ఏందో లెక్క పెడుతున్నది,
ఎన్ని శనివారాలో.

సేఠ్ వచ్చి ఏలుతోని రాకి చూసిండు.
"ఇదేంది? సాక్‌పీస్ గాదా?"
ఆయిల్ పెయింట్ సేఠ్, అదే తెచ్చిన.
"ఎల్లుండి తుడువాలె గద!"
తుడువచ్చు సేఠ్. టర్పెంటైన్ ఉంటే.
నా కాడ సీసా అయిపోయింది.